పెద్దవాళ్ళ మాటతీరు ఎందుకు మారుతుంది?

మా హాస్టల్లో ఆదివారం అంటే ఫోన్ల రోజు. పొద్దున టిఫిన్ కాగానే మెట్ల మీద, నీళ్ళ ట్యాంకు దగ్గర, ప్రహరీ గోడ పక్కన, ఎక్కడ చూసినా ఫోన్ చెవికి పెట్టుకున్నవాళ్ళే కనిపిస్తారు. మాలో చాలామంది తల్లిదండ్రులు ఏటా ఆరేడు నెలలు ఇటుక బట్టీలకో, కట్టడం పనులకో వలస పోతారు. మమ్మల్ని సాకి, సంచి సర్ది, బస్సెక్కించి ఈ హాస్టల్‌కు పంపింది అవ్వలూ తాతలే. అందుకే ఆదివారం ఫోన్లలో సగం వాళ్ళకే.

మా గదిలో ఒకడు వాళ్ళ అవ్వతో మాట్లాడే తీరు మా అందరికీ కంఠతా వచ్చు.

"తిన్నవా కొడుకా?"

"తిన్న అవ్వా."

"ఏం కూర?"

"పప్పు."

తరువాత అవ్వ దూడ సంగతి మొదలుపెడుతుంది. దూడ నుంచి పక్కింటివాళ్ళ పెళ్ళికి, పెళ్ళి నుంచి వాడు చిన్నప్పుడు వాగులో పడబోయిన కథకు వస్తుంది. ఆ కథ వాడు వంద సార్లు విన్నాడు. అంతలో మళ్ళీ "తిన్నవా కొడుకా?" అంటుంది. వాడు "ఇందాకనే చెప్పిన గద అవ్వా, మల్ల జేస్త" అని పెట్టేసి, "మా అవ్వకు చాదస్తం ఎక్కువైంది" అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. మా ఇళ్ళల్లోనూ అదే మాట వాడతాం కదా!

ఒక రోజు మాలో మనస్తత్వ శాస్త్రం చదివే ఇద్దరు అడిగారు: "చాదస్తం అంటే ఏమిటి? అది జబ్బా, వయసా, మన ఓపిక లేకపోవడమా?" ఎవరికీ జవాబు తెలియలేదు. అప్పటినుంచి కాలేజీ లైబ్రరీలో దొరికినవి చదివి, మాస్టార్లను అడిగి తెలుసుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

మాట వేరు, మాటతీరు వేరు

భాష రావడం అంటే పదాలు, వ్యాకరణం రావడం మాత్రమే కాదు. అమ్మ "ఇంట్ల ఉప్పు అయిపోయింది" అంటే అది వార్త కాదు, పోయి తెమ్మని. వార్డెన్ సారు "టైం ఎంతయింది?" అని గేటు దగ్గర అడిగితే ఆయనకు గడియారం లేదని కాదు. పైకి వినిపించే మాటకు, లోపలి అర్థానికి మధ్య ఉన్న ఈ దూరాన్ని దాటగలగడమే మాటతీరు. భాషాశాస్త్రంలో దీన్ని ప్రాగ్మాటిక్స్ అంటారు.

ఇందులో ముఖ్యంగా ఐదు పనులున్నాయి. ఒకటి, మన వంతు వచ్చేదాకా ఆగి మాట్లాడడం. రెండు, మొదలుపెట్టిన విషయం మీదే నిలబడడం. మూడు, ఎదుటి మనిషికి ఏం తెలుసో, ఏం తెలియదో గుర్తుంచుకోవడం. నాలుగు, వెటకారం, హాస్యం, సామెత వంటి వాటిలో చెప్పకుండా చెప్పినది పట్టుకోవడం. ఐదు, ఎవరితో "నువ్వు" అనాలో, ఎవరితో "మీరు" అనాలో తెలిసి మాట్లాడడం. ఈ ఐదూ ఏ ఒక్క అవయవం చేసే పనులు కావు. చెవి, కన్ను, జ్ఞాపకం, మెదడు వేగం, మనసు అన్నీ కలిస్తేనే జరుగుతాయి. వాటిలో ఏది నెమ్మదించినా మాటతీరు మారుతుంది.

వయసుతో తగ్గనివి

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. వయసు పెరిగితే తెలివి అంతా తగ్గిపోతుందనుకోవడం తప్పు. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెలివిని రెండు రకాలుగా చెప్పాడు. కొత్త సమస్యను అప్పటికప్పుడు విప్పే తెలివి ఒకటి. ఏళ్ళ తరబడి పోగుపడిన తెలివి రెండోది. మొదటిది యౌవనం దాటాక నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. రెండోది చాలాకాలం నిలుస్తుంది. పదసంపద ఈ రెండో రకానిదే. అరవై దాటినా అది తగ్గదు, చాలామందిలో పెరుగుతుంది కూడా. మన అవ్వలకు తెలిసిన విత్తనాల పేర్లు, చుట్టరికాల పేర్లు, సామెతలు మనలో ఎంతమందికి తెలుసు? పెళ్ళి చూపుల్లో ఏ మాట అనాలో, చావు ఇంట్లో ఏ మాట అనకూడదో ఊళ్ళో అడిగేది పెద్దవాళ్ళనే కదా. మర్యాద, ఓదార్పు, కథ చెప్పే నేర్పు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో బాగానే నిలుస్తాయి.

మొదట చూడవలసింది చెవి

వయసుతో వచ్చే వినికిడి లోపం ఒక్కసారిగా రాదు. మొదట పోయేవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. స, శ, ఫ, త వంటి హల్లుల్లో ఆ శబ్దాలే ఎక్కువ. అచ్చులు వినబడుతూనే ఉంటాయి. అందువల్ల పెద్దవాళ్ళు "వినబడుతుంది కానీ అర్థం కావడం లేదు" అంటారు. "సంత" అన్నది "చింత"గా, "వింత"గా తోచవచ్చు. స్త్రీల గొంతు, పిల్లల గొంతు సన్నగా ఉంటాయి కాబట్టి అవి ఇంకా కష్టం. ఫ్యాను, టీవీ, నలుగురి మాటలు కలిస్తే మరీ కష్టం.

సరిగా వినబడని మనిషి ఏం చేస్తాడు? ఊహించి జవాబు చెబుతాడు. జవాబు తప్పితే అందరూ నవ్వుతారు. రెండు మూడుసార్లు నవ్వుల పాలయ్యాక మాట్లాడడమే మానేస్తాడు. లేదంటే తానే ఆపకుండా మాట్లాడతాడు, ఎందుకంటే తాను మాట్లాడుతున్నంతసేపు వినవలసిన పని ఉండదు. ఊళ్ళో మనం "గర్వం" అనేది, "వాగుడు" అనేది, రెండింటి వెనకా చెవే ఉండవచ్చు.

పేరు నాలుక మీదే ఉంటుంది, రాదు

"అదేరా, ఆ... ఆయన... పొద్దున వచ్చిండు చూడు" అనడం పెద్దవాళ్ళలో మామూలు. 1991లో డెబొరా బర్క్, డోనాల్డ్ మెకే మొదలైన పరిశోధకులు యువకులను, పెద్దవాళ్ళను పోల్చి చూసి, ఇలా మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం వయసుతో ఎక్కువవుతుందని, మనుషుల పేర్ల విషయంలో మరీ ఎక్కువని చూపారు. వారి వివరణ ప్రకారం అర్థం మరిచిపోవడం జరగదు. అర్థం నుంచి శబ్దానికి పోయే దారి బలహీనపడుతుంది.

పేర్లే ఎందుకు? మల్లె అనగానే తెలుపు, వాసన, దండ, వేసవి సాయంత్రం అన్నీ తోస్తాయి. ఒక దారి మూసుకున్నా ఇంకో దారిలో ఆ మాటను చేరవచ్చు. కానీ ఒకామె పేరు మల్లమ్మ అయితే, ఆ పేరుకు ఆమె ముఖానికి మధ్య ఉన్న దారి ఒక్కటే. అది తెగితే పేరు దొరకదు.

ఇక మనల్ని పిలవబోయి అన్న పేరు, తమ్ముడి పేరు, చివరికి కుక్క పేరు కూడా పిలవడం ముసలితనం లక్షణమే కాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన పరిశోధనలో ఇది అన్ని వయసులవారూ చేసే పొరపాటని, ప్రేమించేవాళ్ళ పేర్లు మెదడులో ఒక్కచోట కూడి ఉండడం వల్లే జరుగుతుందని తేలింది. మన అమ్మలు చేయడం లేదూ?

నలుగురి మధ్య మౌనం

వయసుతో మెదడు పని వేగం తగ్గుతుంది. టిమతీ సాల్ట్‌హౌస్ 1996లో దీన్ని వివరంగా చర్చించాడు. పని నెమ్మదైతే, రెండో సంగతి పూర్తయ్యేసరికి మొదటి సంగతి జారిపోతుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడేటప్పుడు ఇది తెలియదు. పండుగనాడు పదిమంది కలిసి గబగబా మాట్లాడుతుంటే తెలుస్తుంది. తాత చెప్పాలనుకున్న మాట సిద్ధం చేసుకునేసరికి విషయం మారిపోతుంది. అప్పుడు చెబితే "ఎప్పటి సంగతో చెబుతున్నాడు" అంటాం. చెప్పకపోతే "ముభావంగా ఉన్నాడు" అంటాం.

దారి మళ్ళే కథలు

దూడతో మొదలై వాగులో తేలే కథల మీద కూడా పరిశోధనలున్నాయి. 1988లో కెనడాలో రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుల మీద చేసిన అధ్యయనంలో కొందరు అడిగిన విషయం వదిలి ఎక్కువగా మాట్లాడడం గమనించారు. అందరూ కాదు, కొందరే. అదే ఏడాది లిన్ హాషర్, రోజ్ జాక్స్ ఒక వివరణ ఇచ్చారు. మనం మాట్లాడేటప్పుడు మనసులోకి అనేక సంగతులు వస్తుంటాయి. అవసరం లేనివాటిని మెదడు తోసిపుచ్చుతుంది. వయసుతో ఈ తోసిపుచ్చే శక్తి తగ్గుతుంది, కాబట్టి పక్క సంగతులు మాటలోకి వచ్చేస్తాయి.

అయితే కథ ఇంతటితో అయిపోలేదు. 1998లో బర్క్, ఆమె తోటి పరిశోధకులు ఇంకో కోణం చూపారు. బొమ్మ చూపించి వర్ణించమంటే పెద్దవాళ్ళు కూడా విషయం మీదే మాట్లాడారు. సొంత జీవితం గురించి అడిగినప్పుడే దారి మళ్ళింది. అంటే అంతా మెదడు లోపమే అనలేం. పెద్దవాళ్ళ ఉద్దేశమే వేరు కావచ్చు. మనం సమాచారం అడుగుతున్నాం, వాళ్ళు బతుకు చెబుతున్నారు. వయసు పైబడినకొద్దీ మనుషులు పరిచయాలు తగ్గించుకుని, మనసుకు దగ్గరైనవారితో గడపడానికే ఇష్టపడతారని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్‌సెన్ చెబుతుంది. ఆ దగ్గరివాళ్ళం మనమే.

మరి ఒకే కథ మళ్ళీ మళ్ళీ ఎందుకు? 2010లో కెనడాలోని టొరంటో పరిశోధకులు దీన్ని చూశారు. కథ గుర్తుంటుంది. దాన్ని ఎవరికి చెప్పామన్నదే పెద్దవాళ్ళకు సరిగా గుర్తుండదు. ఎవరికి చెప్పామో గుర్తులేనప్పుడు, కొత్తగా చెబుతున్నట్టే చెబుతారు.

వెటకారం తెలియకపోవడం

మనం ఆలస్యంగా వచ్చిన దోస్తుతో "అబ్బ, ఎంత తొందరగ వచ్చినవ్" అంటాం. వాడు నవ్వుతాడు. అదే మాట అవ్వతో అంటే నిజంగా మెచ్చుకున్నామనుకోవచ్చు. బ్రిటన్‌లో లూయిస్ ఫిలిప్స్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో పెద్దవాళ్ళు వెటకారాన్ని పట్టుకోవడంలో ఇబ్బంది పడతారని తేలింది. వెటకారం పట్టాలంటే గొంతు, ముఖం, సందర్భం మూడింటినీ ఒక్క క్షణంలో కలపాలి. పైగా ముఖంలో కోపం, విచారం, భయం గుర్తించడం కూడా వయసుతో కొంత తగ్గుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి విశ్లేషణ చెబుతోంది. మన ముఖం మాడ్చుకున్నా అవ్వ మాట ఆపకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

మన వైపు తప్పు

మాట ఇద్దరి మధ్య జరిగే పని. ఒక్కరినే తప్పు పట్టడం న్యాయం కాదు. పెద్దవాళ్ళతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు సాగదీసి, ముద్దుచేసి, లేదా అరిచి మాట్లాడడం లోకమంతటా ఉంది. ఇంగ్లీషులో దీనికి ఎల్డర్‌స్పీక్ అని పేరే పెట్టారు. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో సూసన్ కెంపర్ వంటివారు దీని మీద పరిశోధించారు. చిక్కులేని సరళమైన వాక్యాలలో, స్పష్టంగా చెప్పడం మేలు చేస్తుంది కానీ, రాగం తీసి చెప్పడం మేలు చేయదు, అవమానంగా తోస్తుంది. మతిమరుపు జబ్బు ఉన్నవారు కూడా ఇలా మాట్లాడినప్పుడు సేవలకు ఎక్కువగా ఎదురు తిరుగుతారని 2009లో అదే రాష్ట్రంలో జరిగిన అధ్యయనం చూపింది.

మన దగ్గర రూపం కొంచెం వేరు. ఆఫీసు కౌంటర్ల దగ్గర, ఆసుపత్రుల్లో "ఏయ్ ముసలమ్మా, జరుగు" అంటారు. అవ్వను అడిగిన ప్రశ్నకు పక్కనున్న మనవడు జవాబు చెబుతాడు. అవ్వ అక్కడే ఉన్నా "ఈమెకేం తెల్వదు సార్" అంటాడు. ఆ మనవడు మనలోనే ఉన్నాడు మిత్రులారా! వాడిన కొద్దీ పదును పెరిగే కత్తి వంటిది మాట. వాడనివ్వకపోతే తుప్పు పడుతుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు పోవాలి?

పైన చెప్పినవన్నీ మామూలు వయసు మార్పులు. కానీ అన్నీ వయసే అని వదిలేయడం కూడా ప్రమాదమే. భారతదేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉందని 2023లో ప్రచురించిన దేశవ్యాప్త సర్వే అంచనా వేసింది. కింది గుర్తులు కనిపిస్తే తీసుకుపోవాలి.

1. ఒకే కథ వారం తరువాత చెప్పడం మామూలు. జవాబు స్పష్టంగా విన్న తరువాత కూడా అదే ప్రశ్న పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం మామూలు కాదు.

2. మనిషి పేరు తట్టకపోవడం మామూలు. గ్లాసు, దువ్వెన వంటి రోజూ వాడే వస్తువుల పేర్లు పోయి, అన్నిటికీ "అది, ఇది" అనడం, తెలిసిన ఇంటి దారి తప్పడం మామూలు కాదు.

3. ఎప్పుడూ మర్యాదగా ఉండే మనిషి హఠాత్తుగా బూతులు మాట్లాడడం, పరాయివారితో అనరాని మాటలు అనడం, ఎదుటివారి బాధ పట్టించుకోకపోవడం. మెదడు ముందు భాగం దెబ్బతినే ఒక రకం డిమెన్షియాలో జ్ఞాపకం కన్నా ముందు మాటతీరే మారుతుంది. ఇది నలభై అయిదు, యాభై ఏళ్ళవారికి కూడా రావచ్చు. "బరితెగించిండు" అని తిట్టకుండా వైద్యం చేయించాలి.

4. తోడు పోయిన తరువాత లేదా పిల్లలు వలస పోయిన తరువాత నెలల తరబడి మాట, తిండి, నిద్ర తగ్గిపోవడం. ఇది దిగులు జబ్బు కావచ్చు, దీనికి మందు ఉంది. టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

5. మాట ఒక్కసారిగా ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం. ఇది పక్షవాతం. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. పసరు పోయిస్తామని కూర్చుంటే ఆ సమయం పోతుంది.

హైదరాబాదు నుంచి ఒక మంచి వార్త

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే ఒక పరిశోధన మన హైదరాబాదులోనే జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బడికి పోని నిరక్షరాస్యులలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది చదువు గొప్పతనం మాత్రమే కాదు. బజారులో, పనిలో, పక్కింట్లో తెలుగు, ఉర్దూ, హిందీ మార్చి మార్చి మాట్లాడడం మెదడుకు పని పెడుతుంది. ఇతర దేశాల పరిశోధనలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు. భాషలు వస్తే జబ్బు రాదని కూడా అర్థం కాదు. అయినా కూలికి పోయి మూడు భాషలు నేర్చుకున్న మన తాతలను "చదువు రానివాళ్ళు" అనడానికి ముందు ఒకసారి ఆలోచించాలి.

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియాకు దారితీసే, మనం మార్చగలిగే 14 కారణాలను లెక్కగట్టింది. వినికిడి లోపం, చూపు తగ్గడం, ఒంటరితనం, బీపీ, షుగర్, పొగ తాగడం అందులో ఉన్నాయి. ఆ పద్నాలుగింటినీ సరిచేస్తే సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని వారి అంచనా.

మనం చేయగలిగినవి

ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. పెదవుల కదలిక కూడా వినడానికి సాయం చేస్తుంది. టీవీ ఆపాలి. అరవకూడదు, అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు పెరగవు. నెమ్మదిగా, మామూలు గొంతుతో చెప్పాలి. అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ అనకుండా వేరే మాటలతో చెప్పాలి. విషయం మార్చేటప్పుడు "ఇప్పుడు ఫీజు సంగతి చెప్త" అని ముందే చెప్పాలి. పేరు కోసం వెతుకుతుంటే కాసేపు ఆగాలి, వెంటనే అందించకూడదు. వాళ్ళను అడిగిన ప్రశ్నకు వాళ్ళనే జవాబు చెప్పనివ్వాలి.

చెవి పరీక్ష చేయించాలి. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మొదలైంది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. ఈ రెండు సంగతులూ మన ఊళ్ళలో చాలామందికి తెలియవు. సెలవులకు పోయినప్పుడు ఒక్కొక్కరం పది ఇళ్ళకు చెప్పినా ఎంతో మేలు.

చివరగా

మా గదిలోని మిత్రుడు దసరా సెలవులకు ఇంటికి పోయాడు. మేము చదివిన సంగతులు వాడి మనసులో ఉన్నాయి. వాళ్ళ అవ్వ అరుగు మీదకు పోవడం మానేసింది. ఇరుగుపొరుగు "పలకరిస్తే పలకదు" అంటున్నారు. వాడు ఒక సంగతి గమనించాడు. ఎడమ వైపు కూర్చుని మాట్లాడితే అవ్వ బాగానే జవాబు చెబుతోంది. కుడి వైపు నుంచి పిలిస్తే తిరగడం లేదు. ఫోన్ మాత్రం ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటోంది! "తిన్న అవ్వా" అని వాడు అన్నన్నిసార్లూ అవ్వకు ఆ మాట వినబడనే లేదు. మనవడు తిన్నాడో లేదో తెలియక మళ్ళీ అడిగింది.

ఆసుపత్రికి తీసుకుపోతే కుడి చెవిలో గులిమి గట్టిపడి ఉంది. తీశాక కొంత వినబడింది. రెండు చెవులకూ వయసుతో వచ్చిన లోపం కూడా ఉందని, యంత్రం పెట్టుకుంటే మంచిదని డాక్టరు చెప్పారు. దానికోసం దరఖాస్తు పెట్టారు. ఇప్పుడు ఆదివారం అవ్వ ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటుంది. "తిన్నవా" అని ఒక్కసారే అడుగుతుంది. దూడ కథ, వాగు కథ మాత్రం అలాగే ఉన్నాయి. వాడు ఇప్పుడు ఫోన్ పెట్టేయడం లేదు. పోయిన ఆదివారం "ఆ వాగుల నన్ను ఎవరు పట్టుకున్నరు అవ్వా?" అని వాడే అడిగాడు. వాళ్ళ తాత అని తెలిసింది. వాడు పుట్టిన రెండేళ్ళకే చనిపోయిన తాత గురించి వాడికి తెలిసిన మొదటి సంగతి అదే.

మిత్రులారా! ఈ వ్యాసం చదివినవారు ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ మాట్లాడితే మా శ్రమ ఫలించినట్టే.